మా సభామందిరపు శబ్దయంత్రము

సంచికా సంపాదకవర్గమువారు ఈ యేడు మమ్ములను నీతిబోధకమైన వ్యాస మొకటి వ్రాయుమని కోరిరి. నీతులు చెప్పుట ఉపాధ్యాయునకు నిత్యకృత్యమే. కాని యీ మాఱు మేము వ్రాయబోవునది మేము చెప్పిన నీతి గాదు, నేర్చుకొనిన నీతి. అదియు మా తప్పువలన నేర్చుకొనినది. తరగతిలో నెవ్వరైన తప్పు చేసినపుడు "దాచక చెప్పుడు" అని యడుగువారము మేము. కావున మా తప్పును గూడ నీ పుటలలో దాచక చెప్పుట న్యాయమని తోచినది.

మా సభామందిరములో వేదిక కెడమప్రక్క నల్లగుడ్డ కప్పియుంచిన పెద్ద బల్లవంటి యంత్రమును చదువరు లందఱును చూచియే యుందురు. దానిని మిక్సరు అందురు. తల్లిదండ్రుల సమావేశములో మిక్సరు బాగుచేయుటను గుఱించి మేము ప్రసంగింపగా, పుత్తూరునుండి వచ్చిన యొక తల్లి, హాస్టలు వంటయింట చట్నీ రుబ్బుట కిబ్బంది కలిగినదేమో యని మిక్కిలి యాదరముతో నడిగెను. అందఱును నవ్విరి. కాని యా ప్రశ్న సమంజసమే. మా మిక్సరు సైతము వేఱువేఱు వస్తువులను తగుపాళ్లలో కలుపునదే. అది కలుపునది పప్పులను గాదు, స్వరములను.

మైకు నెదుట మాటలాడినపుడు స్వరము విద్యుత్తరంగముగా మాఱును. పాడువారి మైకులు నాలుగు, హార్మోనియమునకు ఒకటి, తబలాకు రెండు, ప్రసంగించువారికి ఒకటి. ఇట్లు వచ్చు తరంగములను హెచ్చించి, తగ్గించి, కలిపి స్పీకర్లకు పంపుట మిక్సరు పని. పూర్వపు మిక్సరులలో తరంగము తరంగముగనే నడచెడిది. డిజిటల్ మిక్సరులో నట్లు గాదు; స్వరము మొదట అంకెలుగా మాఱును. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములవఱకు వినగలదు. ఆ కంపనము జాఱిపోకుండ పట్టవలెనన్న, సెకనుకు దానికి రెట్టింపుకంటె నెక్కువ మార్లు కొలువవలెను. అందుచేత సీడీలకు 44,100 మార్లును, స్టూడియో పనులకు సాధారణముగా 48,000 మార్లును కొలుతురు. మా యంత్రమునకు 24 దారులు గలవు. అనగా సెకనుకు 11,52,000 కొలతలు. ఒక్కొక్క కొలత 24 బిట్ల సంఖ్య. 1,67,77,216 మెట్లుగల నిచ్చెనపై స్వర మేమెట్టున నున్నదో ఆ సంఖ్య చెప్పును. ఈ సంఖ్యలను గుణించి కూడుటయే స్వరములను కలుపుట. లెక్కలన్న విసుగుకొను విద్యార్థులు, తాము వినుచున్న పాటయు లెక్కయేయని గ్రహింతురుగాక!

యమహావారి డి.యం.పి.7 అను చిన్న డిజిటల్ మిక్సరు 1987లో వెలువడినది. 1995లో వారి 02ఆర్ అను యంత్రము వచ్చి చిన్న స్టూడియోలకు గూడ నీ పద్ధతిని చేర్చినది. తరువాతి కాలపు పెద్ద యంత్రములు కొన్నింటిలో, మన బల్లలపై నుండునట్టి కంప్యూటరునే పొట్టలో నమర్చిరి. 2003లో తయారైన మా యంత్రము అట్టిది. అందు రెండు భాగములు. లెక్కలు చేయు చిప్పు లొకవైపు. వానికి ఆజ్ఞలిచ్చు కంప్యూటరు మఱియొకవైపు. చిప్పులు విద్యార్థులవంటివి, కంప్యూటరు ప్రధానోపాధ్యాయునివంటిది. ప్రధానోపాధ్యాయుడు నిద్ర లేవకున్నచో విద్యార్థు లెంత చురుకైనవారైనను గంట మ్రోగదు, పాఠము జరుగదు.

ఈ యంత్రమును 2012లో మా పాఠశాల పాతదిగనే కొనెను. దానిని నడపినవారు మా డ్రాయింగు మాష్టరుగారు. ఆయనకు శబ్దశాస్త్రమున పట్ట మేదియు లేదు. గట్టి చెవియు, గొప్ప యోర్పును గలవు. ప్రతి సందర్భమునకును తగిన యమరికను సిద్ధపఱచి కంప్యూటరులో దాచెడివారు. అట్టి యమరికను సీను అందురు. ఆయన యాఱేండ్లలో 48 సీనులు కూర్చిరి. ఆంగ్లాక్షరములలో వానికి తెలుగు పేర్లే పెట్టిరి: "ఉదయం", "నాటకం", "చిన్నపిల్లలు", "వాన", "వెనుకబెంచి" మొదలైనవి. 2018లో విశ్రాంతి పుచ్చుకొనునపుడు యంత్రము తాళము మా చేతి కిచ్చుచు, దానితో నొక క్రొత్త పెన్‌డ్రైవును గూడ నిచ్చి, "మాష్టారూ, సీనులకు వేఱొక ప్రతి తీసి యింట నుంచుడి. యంత్రమును నమ్మరాదు" అనిరి. మేము తప్పక తీసెదమంటిమి. తీయలేదు.

విద్యార్థులారా, మా తప్పు ఇంతయే. ఒక్క సాయంకాలపు పని. అయిదేండ్లు వాయిదా వేసితిమి. పరీక్షలు, జవాబుపత్రములు, ఎన్నికల విధులు - సాకులకు కొఱత లేదు. 2021 నవంబరులో తిరుపతిలో పెనువానలు కురిసి వీధులు ఏఱులైన దినములలో మందిరములోనికి చెమ్మ చేరినది. ఆ యేటనే మాష్టరుగారు కాలధర్మము నొందిరి. అటుపిమ్మట ప్రతి యుదయమును యంత్రము మీట వేయగా తెరపై తప్పు తేదీయు, ఏదియో హెచ్చరికయు కనబడుచుండెను. "ఏదేని యొక మీట నొక్కుము" అని క్రింద నుండెడిది. మేము నొక్కుచుంటిమి. హెచ్చరికను చదువకయే నొక్కుచుంటిమి.

2023 జూలైలో నొక సోమవారమున యంత్రము లేవలేదు. నల్లని తెరపై డిస్కు కనబడుట లేదను తెల్లని యక్షరములు మాత్రము నిలిచినవి. లోపల గడియారమునకంటె బిగ్గఱగా టక్కు టక్కు మను చప్పుడు. మేము మీట ఆర్పి వేసితిమి. మఱల ఆర్పి వేసితిమి. ఆ దినమున పదిమార్లకు తక్కువ గాదు. అట్లు చేయుటవలన గాయపడిన డిస్కును మఱింత గాయపఱచితిమని తరువాత తెలిసినది.

ఒక దుకాణమువారిని పిలిపింపగా, ఈ యంత్రమునకు భాగములు దొరకవనియు, క్రొత్తది కొనుటయే మేలనియు చెప్పి వెళ్లిరి. వారు చెప్పిన వెల మా గ్రంథాలయమునకు పదేండ్లు పుస్తకములు కొనుటకు చాలును. పాతయినుపవానికి కిలోల లెక్కన నిచ్చివేయు ప్రస్తావన గూడ వచ్చినది. ఆ రాత్రి మేము మా బల్లసొరుగు తెఱచి చూడగా మాష్టరుగారి పెన్‌డ్రైవు కనబడినది. దాని యట్టపెట్టె సీలు సైతము విప్పబడలేదు. దానిని చూచినపు డు మాకు కలిగిన సిగ్గును వర్ణింపజాలము.

మఱునాడు పదవతరగతి బాలు డొకడు మా యొద్దకు వచ్చి, "సార్, మా నాయనకు చూపిస్తామా సార్?" అని యడిగెను. వీనిని మే మెఱుగుదుము. తరగతిగది గోడగడియారమును విప్పినందుకు ఏడాది క్రిందట మేము వీనిని గంటసేపు వరండాలో నిలువబెట్టితిమి. వీని తండ్రి గాంధీరోడ్డు సమీపమున సెల్‌ఫోనులు బాగుచేయు చిన్న దుకాణము గలవాడు. శనివారమున నాయన వచ్చి, తెరపై నక్షరములు చూచి, డిస్కు చప్పుడు విని, వెంటనే మీట ఆర్పించి, "అయ్యవారా, ఇది సచ్చిపోలేదు. తానెవురో మర్చిపోయుండాది, అంతే. మీరు ఇంక స్విచ్చి ముట్టుకోవద్దండి" అనెను. ఆ మాట మా కెంతయో ధైర్య మిచ్చినది.

పని యారు శనివారములు పట్టినది. అందు మేము నేర్చుకొనిన క్రమమును విద్యార్థుల ఉపయోగార్థము చెప్పుదుము.

మొదటిది: విప్పుటకు ముందు ప్లగ్గు పెఱికి, తగినంత కాలము వేచియుండవలెను. పవర్‌సప్లైలోని పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు ప్లగ్గు తీసిన పిమ్మటగూడ నిలిచియుండును. ఎఱుగనివారు ఆ పెట్టెను తెఱువనే రాదు. తీసిన ప్రతి తీగను తీయకముందే ఫోటో తీయవలెను. బాలుడు కోడిగ్రుడ్ల అట్టను తెచ్చి, దాని గుంటలలో ఏ భాగపు స్క్రూలను ఆ భాగపు పేరు వ్రాసి యుంచెను. ఆఱవ శనివారమున నొక్క స్క్రూయైనను మిగులలేదు, తగ్గలేదు. గడియారము విప్పిన చేతులకు శిక్షకంటె శిక్షణ మేలైయుండెడిదని మాకు తోచినది.

రెండవది: రోగము నెచ్చట వెదుకవలెనో క్రమము తెలియవలెను. మేము డిస్కునే నిందించుచుంటిమి. ఆయన మొదట పవర్‌సప్లైని మల్టీమీటరుతో కొలిచెను. 5 వోల్టు లుండవలసినచోట 4.6 మాత్రమే కలదు. నూటికి అయిదు పాళ్లకు మించి తగ్గరాదు, అనగా 4.75కు దిగరాదు. ఆకలిగొన్న పవర్‌సప్లైకి క్రొత్త డిస్కు తగిలించిన, అదియు తడబడెడిది. బాలుడు దీపము పట్టి చూచి, "నాయనా, వీటి పొట్టలు ఉబ్బినాయి" అని కెపాసిటర్లను చూపెను. 1999 మొదలు 2007 వఱకు తయారైన కంప్యూటర్లలో ననేకములకు ఈ వ్యాధి కలిగినది. కెపాసిటర్లలోని ద్రవము చెడి, వాయువు పుట్టి, మూతలు ఉబ్బి పగులును. అంతే సామర్థ్యమును, అంతే లేక హెచ్చు వోల్టులును గలిగి, 105 డిగ్రీల వేడికి తాళు క్రొత్తవానిని, ధనఋణములు తాఱుమాఱు గాకుండ అతికించిరి. 5 వోల్టులు మఱల 5 అయినవి.

మూడవది: మదరుబోర్డుపై రూపాయిబిళ్లవంటి లిథియము బ్యాటరి యొకటి కలదు. దానిని సి.ఆర్.2032 అందురు, 3 వోల్టు లుండవలెను. కరెంటు లేనపుడు తేదీని, డిస్కు వివరములను కంప్యూటరునకు జ్ఞాపకముంచునది యదియే. మాదానిలో ఒక వోల్టు గూడ లేదు. మేము ప్రతి యుదయమును చదువక త్రోసివేసిన హెచ్చరిక దీనిని గుఱించినదే. తిరుపతి ప్రక్కన కరకంబాడిలో, 1985లో స్థాపింపబడిన అమరరాజా సంస్థవారు బండ్లను నడిపించు బ్యాటరీలను చేయుచున్నారు. అట్టి యూరి ప్రక్కనే యుండి, దోసె వెలకు దొరకు బిళ్ల నొకదానిని మార్పక మేము లక్షల వెలగల యంత్రమును మూగదానిని చేసితిమి.

నాలుగవది, ముఖ్యమైనది: డిస్కు. అది 10 గిగాబైట్లది. 512 బైట్ల చొప్పున సుమారు ఒక కోటి తొంబదియైదు లక్షల గళ్లు. గాయపడిన డిస్కును బాగుచేయ ప్రయత్నింపరాదు. దానిపై నేమియు వ్రాయరాదు. ముందుగా ఉన్నది ఉన్నట్లు వేఱొకచోటికి ఎత్తివ్రాసికొనవలెను. దీనికి డీడీరెస్క్యూ అను ఉచితమైన ప్రోగ్రాము కలదు. అది మొదట సులభముగా చదువవచ్చు గళ్లను చదివి, కష్టమైనవానిని గుర్తుంచుకొని, తరువాత వానివద్దకు మఱల మఱల వచ్చును. తెలివిగల విద్యార్థి ప్రశ్నపత్రమును వ్రాయు విధమిదియే గదా! రెండు రాత్రులు నడచినది. రెండవ యుదయమునకు 212 గళ్లు తప్ప తక్కినవన్నియు దక్కినవి.

దక్కని గళ్లలో నేమున్నదో తెలియక మేము కలతపడుచుండగా, మన తిరుమలకు సంబంధించిన సంగతి యొకటి స్మరణకు వచ్చినది. తాళ్లపాక అన్నమాచార్యులవారు 1408 మొదలు 1503 వఱకు జీవించిరి. వారి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి, దేవాలయములోని సంకీర్తనభాండారములో దాచిరి. శతాబ్దములు గడచిన పిమ్మట, 1922 ప్రాంతమున అవి పండితుల దృష్టికి వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలైన పెద్దలు వానిని చదివి పరిష్కరించిరి. రేకులపై సాహిత్యమున్నది, రాగము పేరున్నది. కాని పాడు విధమును తెలుపు స్వరలిపి లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి సంగీతజ్ఞులు క్రొత్తగా స్వరములు కూర్చవలసి వచ్చినది. రాగి నిలిచినది, చేయి నిలిచినది, గొంతు నిలువలేదు.

ఇంగ్లండులో దీనికి సరిపోలు కథ యొకటి కలదు. 1086లో విలియము రాజు వ్రాయించిన డూమ్స్‌డే గ్రంథమును నేటికిని చదువవచ్చును. దాని తొమ్మిదివందలవ సంవత్సరోత్సవమునకు 1986లో బి.బి.సి.వారు ప్రజలచే వ్రాయించిన సమాచారమును లేసరుడిస్కులలో నుంచిరి. పదియాఱేండ్లు గడచునప్పటికే ఆ డిస్కులను చదువు యంత్రములు కఱవై, పరిశోధకులు పూనుకొని వానిని రక్షింపవలసి వచ్చినది. దాచుట వేఱు, దాచినదానిని తెఱువగలుగుట వేఱు.

ఇక మా డిస్కు మాట. దాని నలువది సూదుల ఐడీఈ తగులింపు ఇప్పుడు వాడుకలో లేదు. కాని ఫోటోకెమెరాలలో వాడెడి కాంపాక్టుఫ్లాష్ కార్డు అదే భాషను మాటలాడును. సూదులను సరిపఱచు చిన్న పలక యొకటి చాలును. తిరుగు భాగమేదియు లేదు కావున చప్పుడు లేదు. మేము కొనిన మొదటి కార్డు పనిచేయలేదు. అది తన్ను తాను తీసివేయదగిన వస్తువుగా చెప్పుకొనుటచే కంప్యూటరు దానినుండి లేచుట కొప్పుకొనలేదు. స్థిరమైన డిస్కువలె నడచుకొను పారిశ్రామికపు కార్డును తెప్పించి, ఎత్తివ్రాసిన ప్రతిని దానిపై దింపితిమి.

ఆఱవ శనివారము సాయంకాలము నాలుగుగంటలకు మీట వేసితిమి. తెర నల్లగా నుండెను. ఎవ్వరును మాటలాడలేదు. అంతట 24 ఫేడరులును ఒక్కమాఱుగా పైకి లేచి, సేన వందనము చేసినట్లు క్రిందికి దిగినవి. బాలుడు చప్పట్లు కొట్టెను. తండ్రి మాత్రము చేతులు తుడుచుకొని, "ఇప్పుడు కాపీ తీసుకోండి అయ్యవారా, ముందు ఆ పని" అనెను. అయిదేండ్ల క్రిందటి యాజ్ఞనే మఱల వినినట్లయినది. ఆ క్షణముననే మాష్టరుగారి పెన్‌డ్రైవు సీలు విప్పితిమి.

48 సీనులలో 43 దక్కినవి. అయిదు పోయినవి. పోయినవానిలో "నాటకం" ఒకటి. మేము సోమవారముననే మీట ఆర్పియుండిన, లేక మాట యిచ్చిన యేటనే ప్రతి తీసియుండిన, ఆ యయిదును మిగిలియుండెడివి. ఇది మా పేరిట వ్రాసికొనవలసిన నష్టము. "నాటకం" సీనును మేమును బాలుడును చెవితో క్రొత్తగా కూర్చితిమి. బాగుగనే యున్నది. కాని యది మాది, మాష్టరుగారిది గాదు.

దక్కినవానిలో "వెనుకబెంచి" అనుదానిని తెఱచి చూడగా నొక వింత కనబడినది. మందిరపు మధ్యనున్న స్పీకర్లకు సెకనులో వేయింట నలువది వంతుల యాలస్యము పెట్టబడియున్నది. ఇది పొరపా టనుకొంటిమి. బాలుడు టేపు పట్టి వేదికనుండి ఆ స్పీకర్లకు కొలువగా 14 మీటర్లు. ధ్వని సెకనుకు సుమారు 346 మీటర్లు పోవును; 14 మీటర్లకు వేయింట నలువది వంతులు! తీగలో స్వరము క్షణములో చేరును, గాలిలో నడచివచ్చును. రెండును వేఱువేఱుగా చెవినబడిన, వెనుక కూర్చున్నవారికి మాట మసకబాఱును. వేదికనుండి వచ్చు స్వరము నడచివచ్చు వఱకు మాష్టరుగారు స్పీకరును నిలిపియుంచిరి. గోడపై వరుసగా సుద్దగీతలుండుట చూచి, విద్యార్థుల అల్లరి యని మేము పూర్వము కోపించి తుడిపించితిమి. అవి ఆయన కొలుచుకొనిన గుఱుతులు. వెనుక బెంచీలో కూర్చుండువారిని గుఱించి అంత శ్రద్ధ వహించిన యుపాధ్యాయు నొకనితో నిన్నేండ్లు పనిచేసియు మే మెఱుగకపోతిమి.

ఆ నవంబరులో నొక యుదయమున ప్రార్థనవేళ వాన పట్టినది. మందిరపు రేకుల కప్పుపై వాన పడిన ప్రక్కవాని మాట వినబడదని మీకు తెలియును. బాలుడు మావైపు చూచెను. మేము తల యూపితిమి. వాడు "వాన" నొత్తెను. ఫేడరులు కొన్ని పైకి జరిగినవి. లోగొంతు గంభీరస్వరములు తగ్గి, మాటలను తేటపఱచు పైస్వరములు హెచ్చినవి. ఆఱవతరగతి బాలిక చదువుచుండిన పాఠము చివరి వరుసకు గూడ వినబడినది.

ఇప్పుడు సీనులకు మూడు ప్రతులు గలవు. ఒకటి యంత్రములో, ఒకటి ప్రధానోపాధ్యాయులవారి బీరువాలో, ఒకటి మాష్టరుగారి యింట వారి భార్యవద్ద. బ్యాటరి మార్చిన తేదీ యంత్రపు వెనుక కాగితముపై అంటింపబడియున్నది. మఱల మార్పవలసిన యేడును దాని క్రిందనే కలదు. గోడపై సుద్దగీతలను బాలుడు మఱల గీసెను. ఈ మాఱు రంగుతో.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మీ పిల్లవాడు ఏదైన విప్పినపుడు ముందుగా కోడిగ్రుడ్ల యట్ట నొకటి యిచ్చి చూడుడి. విద్యార్థులారా, మీకు మాట యొకటి. పెద్దలెవరైన మీ చేతి కొక పని యిచ్చి సెలవు పుచ్చుకొన్నచో, ఆ సాయంకాలమే చేయుడి. తెరపై హెచ్చరిక వచ్చినపుడు మీట నొక్కుటకు ముందు దానిని చదువుడి. ఇంతకుమించి మేము చెప్పదగినవారము గాము.